రాయి ఇంటికాడ, మనిషి కంచెలోపల

కాలవ లేని ఊళ్లో సైకిల్ ఎందుకు తొక్కడం అని బయల్దేరే ముందు మా వదిన అడిగింది. ఆవిడ ఏదైనా అడిగిందంటే అందులో ఎంతో కొంత న్యాయం ఉంటుంది. గోదావరి డెల్టాలో పుట్టి, అక్కడే పెళ్లయి, అక్కడి ప్రభుత్వాసుపత్రి ల్యాబులో పనిచేసి రిటైరైన నాకు సైకిల్ అంటే కాలవ గట్టే. ఒక పక్క నీళ్లు, ఇంకో పక్క వరి, నెత్తిన కొబ్బరాకుల నీడ. తొక్కడానికి పెద్ద కష్టం కూడా ఉండదు, కాలవ ఎటు పోతే మనమూ అటే.

మా ఆయన పోయాక పట్టుకున్న అలవాటిది. ఆయన అస్థికలు లాకుల దగ్గర రేవులోనే కలిపాం. తరవాత కాలవ బాగుచేస్తామని వచ్చినవాళ్లు ఆ రేవు తీసేసి నిలువునా సిమెంటు గోడ కట్టేశారు. అస్థికలు కలిపిన రోజున పురిటి మంచం మీద ఉండిపోయిన మా అమ్మాయి ఇప్పటికీ ఇంటికొచ్చినప్పుడల్లా "నాన్నని ఎక్కడ కలిపారమ్మా, ఒకసారి చూపించు" అంటుంది. రేవే లేదు, ఏం చూపించమంటావే అని విసుక్కుంటాను.

ఆ నీళ్లని చూసి చూసి, ఒకసారి నీళ్లు లేని చోటికి పోదామనిపించింది. తీరా ఫోన్లో మ్యాపు తీస్తే పావగడ తాలూకాలో పెద్ద నీలం మచ్చ కనిపించింది. అబ్బో, ఇంత చెరువుందా అనుకున్నాను. దగ్గరికి చేసి చూస్తే దానికి మూలలున్నాయి. చెరువులకి మూలలుండవు కదా. అది సోలార్ పార్కు అని తెలిశాక పోవాలన్న కోరిక ఇంకా గట్టిపడింది.

పావగడ

ఊరి నెత్తిమీదే కొండ, కొండమీద కోట. బస్సు మీద నుంచి సైకిల్ దింపించుకుని, ఒక చిన్న హోటల్లో తట్టె ఇడ్లీ తిన్నాను. తట్టె అంటే కన్నడంలో పళ్లెం, పేరుకు తగ్గట్టు అంతే ఉంటుంది. మావైపు నాలుగు ఇడ్లీలు ఈ ఒక్కదానిలో ఇమిడిపోతాయి, ధర మాత్రం పదిహేను రూపాయలే. పక్కన శెనక్కాయల చెట్నీ. కర్ణాటకకి వచ్చానన్న మాటే గానీ బోర్డులు తప్ప కన్నడం కనిపించలేదు, వినిపించేదంతా అనంతపురం తెలుగే.

"యాడికి పోతారమ్మా సైకిల్ మింద?" అన్నాడు హోటలాయన.

"నిడుగల్లు వైపండీ."

"బస్సు ఉండాది గదా."

"ఉందని తెలుసండీ."

"మరి?"

నేను ఇంకో ముక్క తుంచి చెట్నీలో ముంచాను. ఆయన కాసేపు ఎదురుచూసి, పోనీలే పాపం అన్నట్టు ఇంకో గరిటె చెట్నీ వేశాడు.

నిడుగల్లు కొండ కింద

దారి పొడవునా వానకి పండే శెనక్కాయ చేలు. ఎర్రమట్టి, గొర్రెల మందలు, అక్కడక్కడా తంగేడు. వాన మొహం చూసి చాలా రోజులైందని ఆకులే చెబుతున్నాయి. ఎంత మొండిదాన్నో గానీ, ఒక రైతుని పట్టుకుని ఇక్కడ కాలవ లేదా అని అడిగాను. "యాల లేదు, నువ్వు నిలబడిండేది దాంట్లోనే" అన్నాడు. కిందికి చూశాను. రెండు పక్కలా గట్లున్నాయి, మధ్యలో ఇసక, ఇసకలో మేక అడుగులు. చెరువుకి నీళ్లు తెచ్చే కాలవట అది.

"నీళ్లొస్తే కాలవ, రాకుంటే దారి" అన్నాడు.

అలా పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి కాలవ గట్టున కాకుండా కాలవ కడుపులో సైకిల్ తొక్కాను.

ఆ రాత్రి ఆ రైతు ఇంట్లోనే ఉన్నాను. ఆయన భార్య కాళ్లు కడుక్కోమని బకెట్టు ఇస్తే, మా ఊరి ధోరణిలో ఎత్తి మొత్తం కుమ్మరించుకున్నాను. ఆవిడ లోపలికి పోయి ఇంకో బకెట్టు తెస్తుంటే చూశాను, దానిలో అడుగునే ఉన్నాయి నీళ్లు. సిగ్గుతో చచ్చిపోయాను. భోజనంలో రాగి ముద్ద నములుతుంటే మాత్రం ఇంటిల్లిపాదీ నవ్వారు. ముద్ద నమలకూడదట, చారులో ముంచి మింగాలట. పళ్లున్నదెందుకు మరి అంటే, "శెనక్కాయలకి" అంది ఆవిడ.

పొద్దున్నే చేలోకి పోతే మధ్యలో నిలువు రాయి ఒకటి కనిపించింది. నాగలి చాళ్లు తిన్నగా వచ్చి, దాని దగ్గర చుట్టూ తిరిగి, మళ్లీ తిన్నగా పోయాయి. ఏమిటండీ అది అన్నాను. "మా తాత" అన్నాడు రైతు, ఇంట్లో మనిషిని పరిచయం చేసినట్టు. వాళ్లలో చనిపోయినవాళ్లని సొంత చేలోనే పూడుస్తారు. తలవైపు రాయి నిలబెడతారు. పెద్దల అమావాస్య నాడు రాయికి పాలు పోసి, ఆకులో అన్నం, ఓళిగలు వడ్డించి పెడతారు. అలా పెట్టడాన్ని ఎడ అంటారు. ఓళిగలంటే మన బొబ్బట్లే.

మాకైతే కాల్చి నీళ్లలో కలిపేస్తే అయిపోయింది. మనిషికి చోటంటూ మిగలదు. అదే మంచిదని ఇన్నాళ్లూ అనుకుంటూ వచ్చాను. ఆ రాయి దగ్గర నిలబడితే మాత్రం కొంచెం అసూయగానే అనిపించింది.

తిరుమణి దాటాక

తిరుమణి వైపు తిరిగాక చేలు ఆగిపోయాయి, సోలార్ పలకలు మొదలయ్యాయి. ఎంత దూరం తొక్కినా అవే. వరుస వెనక వరుస, అన్నీ ఒకే ఎత్తు, ఒకే వాలు. నాకు కుడిచేతి వైపు వల కంచె. పిట్ట అరుపు లేదు, మనిషి కేక లేదు, ఎక్కడినుంచో సన్నగా మిషన్ల రొద. ఇంత ఎండని ఇన్ని పలకలు కలిసి పట్టుకోవడం గొప్ప విషయమేనని బుద్ధికి తెలుస్తోంది. మనసు మాత్రం తొందరగా దాటిపోదాం అంటోంది.

ఒకచోట పలకల మధ్యలో ఖాళీ వదిలారు. దానిలో నిలువు రాయి, పక్కన గన్నేరు మొక్క, బయటినుంచి అక్కడికి సన్నటి బాట. నిడుగల్లులో చూశాను కాబట్టి అదేమిటో నాకు ఇట్టే తెలిసిపోయింది.

ఇంకాస్త ముందుకి పోయేసరికి రెండు చక్రాలూ ఒకేసారి నేలకంటుకున్నాయి. పల్లేరు కాయలు! ఒకటి కాదు, టైరు నిండా అట్లకాడకి పిండి అంటినట్టు అంటుకున్నాయి. కంచె వెంట మేకలు మేపుతున్న ముసలావిడ వచ్చి, నా పక్కన గొంతుక్కూర్చుని, అడక్కుండానే ముళ్లు పీకడం మొదలుపెట్టింది. పేరు ఈరక్క. బక్క మనిషి, చేతిలో కర్ర, చెవులకి పెద్ద కమ్మలు.

"ఒగతివే వచ్చినావా పాపా? ఇంటాయన రాలేదా?"

అరవై దాటిన నన్ను పాపా అన్నందుకు నవ్వొచ్చింది. లేరు, పోయారని చెప్పాను. ఆవిడ ఒక ముల్లు పీకి పారేసి, "మా ఆయప్ప ఆడ ఉండాడు" అని గడ్డంతో కంచె లోపలికి చూపించింది.

"లోపల పనిచేస్తారా?"

"పనంతా చేసేసినాడు లే. పడుకోనుండాడు."

బలసముద్రం

నా ట్యూబులు జల్లెడలైపోయాయి. కొత్తవి పావగడ నుంచి రావాలి, మర్నాడేమో పెద్దల అమావాస్య, కొట్లు తీస్తారో లేదో. అలా బలసముద్రంలో ఈరక్క ఇంట్లో రెండు రాత్రులు ఉండిపోయాను. ఇంటి అరుగు మీద, గోడవారన, మోకాలెత్తు నల్లరాయి ఒకటి నిలబెట్టి ఉంది. కుంకం పెట్టి ఉంది, వాడిన పూలున్నాయి. చేలో ఉండాల్సిన రాయి ఇంటి అరుగు మీద ఎందుకుందో నాకు అర్థం కాలేదు.

ఈరక్క కొడుకు గోవిందప్ప డ్యూటీ దిగి వచ్చాడు. నలభై దాటినవాడు, మాట తక్కువ. వాళ్ల సొంత చేనుండిన చోటే ఇప్పుడు కాంట్రాక్టరు కింద పలకలు కడగడం, వాటి కింద గడ్డి కోయడం అతని పని. వస్తూనే రాయికి దణ్ణం పెట్టాడు గానీ దానివంక చూడలేదు. అతను స్నానానికి పోయాక ఈరక్క చెప్పింది.

"రాయి ఇంటికాడ ఉండాది, మనిషి ఆడ ఉండాడు. ఏం చేసేది పాపా, మా తెలివి అట్ల ఏడిసింది."

వరసగా వానల్లేక, బోర్లు ఎండిపోయి, గొర్రెల్ని కూడా అమ్ముకున్న కాలమది. భూములు గుత్తకి తీసుకుంటామని మనుషులొచ్చారు. సమాధి ఉన్న చేనైతే తీసుకోరంట అని ఊళ్లో ఎవరో అన్నారు. ఎవరన్నారో, నిజమో కాదో ఎవరూ అడగలేదు. కొలతలు పెట్టే రోజున తెల్లవారకముందే గోవిందప్ప గడ్డపారతో నాయన తలకాడి రాయి పెకలించి, భుజాన వేసుకుని ఇంటికి తెచ్చేశాడు. నేల చదును చేసేశాడు. కొలిచినవాళ్లు కొలుచుకుని పోయారు.

"ఆ పొద్దు వద్దురా అని నేనూ అనలేదు. కడుపు కాలతాండె" అంది ఈరక్క. "పలకలు పెట్టినాక సూస్తే, మా సమాధి ఉండాదని నోరు తెరిచి చెప్పినోళ్లకి అంత చోటు వదిలినారు. బాట గూడా వదిలినారు. మేమే ఎక్కువ తెలివి సూపించినాం."

దారిలో చూసిన గన్నేరు మొక్క గుర్తొచ్చింది. ఆ గుత్త డబ్బుతోనే ఈ ఇంటికి పైకప్పు వేశారు, మనవరాలిని తుమకూరులో చదివిస్తున్నారు. వాళ్లు భూమి ఇచ్చినందుకు బాధపడడం లేదు. రాయి దాచినందుకే బాధపడుతున్నారు.

రాత్రి ముద్ద తింటూ గోవిందప్ప తనంతట తనే అన్నాడు. "గడ్డి కోసేటప్పుడల్లా సూస్తా అక్కా. చేను మొత్తం ఒగే మాదిరి అయిపోయినాది. యాడ కాలు పెట్టినా నాయన మిందనే పెడతాండా అనిపిస్తాది. బూట్లు ఇప్పుదామంటే ఇప్పగూడదు, రూలు."

"తినేటప్పుడు అదంతా యాలరా" అంది ఈరక్క.

ఆ చదునులో చోటు గుర్తుపట్టగలిగేది ఈరక్క ఒక్కతే. పూడ్చిననాటి నుంచీ ఏటేటా ఎడ పెట్టింది ఆవిడే. కానీ ముసలిదాన్ని లోపలికి రానివ్వరు, కరెంటు ఉంటుంది. గోవిందప్ప సూపర్‌వైజరు చుట్టూ తిరగ్గా తిరగ్గా, ఈ అమావాస్య మధ్యాహ్నం కాసేపు రమ్మన్నారు. చోటు చూపిస్తే పైవాళ్లకి చెప్పి, పలకల మధ్య రాయి నిలబెట్టుకోనిస్తామన్నారట. ముందు ముందు ఈరక్కకి కూడా పక్కనే చోటు అడగొచ్చని గోవిందప్ప ఆశ.

"ఆయప్ప పక్కన పండుకోవాల. అంతకంటే నాకేం వద్దు" అంది ఈరక్క. "నేను సూపీకుండా పోతే, వీడు నన్ను యాడ పెడతాడు?"

ఆ రాత్రి అరుగు మీద పడుకుంటే తల దగ్గరే ఆ రాయి. భయం వేయలేదు గానీ అటు కాళ్లు పెట్టకుండా సర్దుకుని పడుకున్నాను.

అమావాస్య మధ్యాహ్నం

పొద్దుటినుంచీ ఇల్లంతా ఓళిగల వాసన. మావైపు బొబ్బట్లు మందంగా, నెయ్యిలో తేలుతూ ఉంటాయి. ఇక్కడివి కాగితమంత పలచన, పళ్లెం కంటే వెడల్పు. ఈరక్క ఒకటి నాకు పెట్టబోయి, "ముందు ఆయప్పకి" అని వెనక్కి తీసుకుంది.

బుట్టలో ఎడ సర్దుకుని గేటు దగ్గరికి పోయాం. కాపలా కుర్రాడు మంచివాడే గానీ నియమం నియమమే. తలకి హెల్మెట్, కాళ్లకి బూట్లు లేకుండా పంపనన్నాడు. గోవిందప్ప తెచ్చిన హెల్మెట్ పెడితే ఆవిడ ముక్కు దాకా దిగింది. బూట్లలో ఆవిడ రెండు కాళ్లూ ఒకదానిలోనే పట్టేట్టున్నాయి. కుర్రాడు ఏం చేయాలో తోచక నావంక చూశాడు. నా సైకిల్ హెల్మెట్ తీసి ఆవిడ తలకి బిగించాను. నా బూట్లు విప్పి తొడిగి, లేసులు కట్టాను. డెబ్బై దాటిన మనిషి, పెద్ద కమ్మలు, పసుపు హెల్మెట్, చేతిలో కర్ర. ఇంకో రోజైతే అందరం నవ్వేవాళ్లం.

"నీ కాళ్లు పాపా? పల్లేరు గాయలు ఉండాయి ఈడంతా."

"కదలకుండా నిలబడతాన్లే" అన్నాను.

నన్ను లోపలికి పంపలేదు. కంచె బయటే ఉత్తకాళ్లతో, కాలే మట్టి మీద నిలబడి చూశాను. చేను కంచెకి దగ్గరే, అన్నీ కనిపిస్తున్నాయి.

మొదట ఈరక్క గబగబా నడిచింది, తన ఇంట్లో నడిచినట్టే. మూడో వరుస దగ్గరనుకుంటా, ఆగింది. తల తిప్పి, ఆనవాలుగా పెట్టుకున్న కొండకోసం చూసింది. కొండ లేదు, పలకలు అడ్డం. వంగి, పలకల కిందనుంచి చూసింది. వెనక్కొచ్చింది. పక్క వరుసలోకి పోయింది. కర్రతో నేల పొడిచి, మళ్లీ ఇవతలికి వచ్చింది. ఒకప్పుడు వాలుగా ఉన్న చేనంట అది. ఇప్పుడు పీటలా ఉంది.

గోవిందప్ప బుట్ట పట్టుకుని తల్లి మొహంలోకే చూస్తూ వెనకాల నడుస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. ల్యాబు కిటికీ బయట రిపోర్టు కోసం నిలబడ్డవాళ్ల చూపు అది. మంచి మాట చెబుతారో చెడ్డ మాట చెబుతారో అని, మన చేతిలో కాగితం కాదు, మన మొహం చదువుతారు వాళ్లు.

ఈరక్క ఒక్కసారి వెనక్కి తిరిగి కొడుకుని చూసింది. చూసి, రెండడుగులు వేసి, కర్ర గట్టిగా నేలకి కొట్టింది.

"ఈడే" అంది. బయట నాకు కూడా వినిపించింది.

గోవిందప్ప బుట్ట దించాడు. హెల్మెట్ తీశాడు. తరవాత, రూలు సంగతి మరచిపోయాడో మరవలేదో గానీ, కూర్చుని రెండు బూట్లూ విప్పేశాడు. గేటు దగ్గరి కుర్రాడు అటువైపు చూడటం మానేసి ఫోన్ తీసుకున్నాడు. పాలు పోశారు, ఆకు వేశారు. గోవిందప్ప బోర్లా పడుకుని నేలకి నుదురు ఆనించాడు. ఎంతసేపటికీ లేవలేదు. పలక నీడలో అతని వీపు ఎగిరెగిరి పడుతోంది.

బయటికొచ్చాక అతను వేరే మనిషిలా ఉన్నాడు. సూపర్‌వైజరుతో ఇప్పుడే మాట్లాడతానని పరుగులాంటి నడకతో పోయాడు. ఈరక్క కంచె వార కూర్చుని లేసులు విప్పుకోవడం రాక కాళ్లు చాపింది. నేను విప్పుతుంటే నా తలమీదుగా లోపలికి చూస్తూ అంది.

"కనపడలేదు పాపా."

లేసు ముడి మీద నా చెయ్యి ఆగిపోయింది.

"కొండ కనపడదు, వాలు లేదు. యాడని సూసేది? అంతా వాకిలి మాదిరి అలికేసినారు."

"మరి అంత గట్టిగా ఈడే అన్నావు?"

"వాడు ఎత్తకచ్చిన రాయి అరుగు మింద ఉండాదనుకుంటివా? వాని గుండె మింద ఉండాది. నేను దించకుంటే ఇంకెవురు దించుతారు?"

రేపు నిన్ను కూడా అక్కడే పెడతారు కదా అని అడగాలా వద్దా అనుకుంటూనే అడిగేశాను.

"పెట్టనీలే. ఆ నేలంతా ఆయప్ప దున్నిందే." బూట్లు నా ముందుకి తోసింది. "నీకైతే చెప్పొచ్చు. నువ్వు పోయేదానివి."

అప్పుడు ఏడ్చింది. నేను ఆవిడ పాదాలు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చున్నాను. అంతకంటే ఏం చేయాలో నాకు తెలియలేదు.

మర్నాడు పొద్దున ట్యూబులొచ్చాయి. నేను గాలి కొడుతుండగా గోవిందప్ప రాయికి తాడు బిగిస్తున్నాడు. ఒప్పుకున్నారట, ఆ పూటే నిలబెట్టుకోమన్నారట. బండి మీద పెట్టుకోరాదా అన్నాను. "తెచ్చిన మాదిరే ఎత్తుకపోవాల అక్కా" అని భుజాన వేసుకుని నడిచాడు. బరువుకి ఒంగిపోయాడు గానీ ఎక్కడా దించలేదు. ఈరక్క అరుగు మీద ఖాళీ అయిన చోట నీళ్లు చల్లింది. కొంచెమే చల్లింది. నా చేతిలో నాలుగు ఓళిగలు పెట్టి, "టైరు సూసుకో" అంది.

మళ్లీ కాలవ గట్టు

ఇంటికొచ్చిన వారానికి మా అమ్మాయి వచ్చింది. పావగడ ఎలా ఉందమ్మా అంటే ఇడ్లీ గురించి, ముద్ద గురించి చెప్పాను. కాలవలో సైకిల్ తొక్కానంటే నమ్మలేదు. సాయంత్రం దాన్ని వెనకాల ఎక్కించుకుని గట్టు మీదకి పోయాను. నీళ్లు నిండుగా పారుతున్నాయి. ఒక బకెట్టు ఎంతో నాకిప్పుడు తెలుసు కాబట్టి అటు చూస్తే కొంచెం గిల్టీగా ఉంది.

లాకులు దాటాం. సిమెంటు గోడ దాటాం. ఆ గోడలో రేవు ఎక్కడుండేదో నిజంగానే నాకు తెలియదు.

"ఎక్కడమ్మా?" అని అడిగింది వెనకనించి, ఎప్పటిలాగే, జవాబు వస్తుందన్న ఆశ లేకుండా.

గోడ అయిపోయి మట్టి గట్టు మొదలైన చోట, తూటికాడ పొద పక్కన, సైకిల్ ఆపి కాలు కింద పెట్టాను.

"ఇక్కడే" అన్నాను.

అది దిగి, చెప్పులు విడిచి, నీళ్ల దాకా నడిచి వెళ్లింది.